కల్లుప్పు మూట

చిట్టెమ్మా, నువ్వు మమ్మల్ని విడిచి పోయినాక ఈ పొద్దే మళ్ళీ కల్లుప్పు వేయించినాను. నా కాలు బెణికింది.

నా ఈడు అక్కచెల్లెళ్ళకు గుర్తుంటాది. అప్పట్లో పిల్లోళ్ళ కాలు బెణికితే ఉప్పు వేయించి, పాత గుడ్డలో మూట కట్టి, ముందు మన చెంపకు ఆనించి చూసి కాపడం పెడతా ఉంటిమి. మా వేప్పనపల్లి ఇంట్లో నా కూతురు చిట్టెమ్మ మాత్రం కాలు చాపేదే కాదు. "ముందు నువ్వు సంగటి తిను. లేకుంటే కాలియ్యను పోమ్మా" అనేది.

ఈ పొద్దు పెనం మీద ఉప్పు చిటపటమన్నా, మూట చెంపకు చల్లగానే తగిలింది. మళ్ళీ వేయించినా అంతే. పొద్దున్నించి నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. పొయ్యి ఆర్పేసి, ఆడనే కూర్చొని ఒక ముద్ద సంగటి మింగినాను. పక్కనున్న మూట ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనింది.

అక్కచెల్లెళ్ళారా, మీరంతా వేళకు కడుపునిండా తినండమ్మా.