పాలు మాన్పించిన చలికాలం

మొన్న వేరుశనగ కాయ పీకే రోజుల్లో మా మరిది చేనులో కూలివాళ్లకు ఒక జింకపిల్ల దొరికింది. మనిషి అడుగు పక్కనే పడ్డా కదలకుండా సాళ్ల మధ్య ముడుచుకుని పడుకుని ఉందట. పాపం తల్లి లేని బిడ్డ అనుకుని ఊళ్లోకి ఎత్తుకొచ్చి అరుగు మీద పెట్టి, ఒకరు బిస్కెట్టు తినిపించబోతుంటే ఇంకొకరు ఫోన్లో ఫొటోలు తీస్తుంటే, నేను పరుగున పోయి, "ముట్టుకోవద్దండ్రా, దొరికిన కాడనే పెట్టి రాండి, వాళ్లమ్మ యాడికీ పోలేదు" అని కేకలు పెట్టాను. ఎన్నడూ గొంతెత్తని మనిషికి ఈ రోజు ఏమైందని అందరూ నన్నే చూశారు. మరిది నా మాట కాదనలేక దాన్ని తీసుకుపోయి చేని గట్టున వదిలి దూరంగా కూర్చున్నాడు. పొద్దు వాలకముందే తల్లి వచ్చి తోడుకుపోయిందని చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మస్కట్ చుట్టూనే తిరుగుతోంది.

మన వయసు ఆడవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఎనభైల చివర కడప జిల్లాలో మా వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ పోవడం అలవాటవుతున్న కాలం. చాలామంది కువైట్ పోయేవాళ్లు, నాకు మాత్రం మస్కట్ వీసా వచ్చింది. మా ఆయన పోయి ఏడాది తిరగలేదు, బోరు ఎండిపోయింది, చంకలో రెండేళ్లు నిండని ఆడపిల్ల. ఆ పిల్లను మా అక్క ఒళ్లో పెట్టి విమానం ఎక్కాను. ఫోను అంటే అక్క టౌనుకు వచ్చి ఎస్టీడీ బూతులో కాచుకుని కూర్చున్న రోజు మాత్రమే, అదీ ఎప్పుడో ఒకసారి. మిగతా కాలమంతా క్యాసెట్లే. అక్క పిల్ల మాటలు టేపులో ఎక్కించి, ఎవరైనా మస్కట్ వస్తుంటే వాళ్ల చేత పంపేది. ఆ టేపు అరిగి సాగి బిడ్డ గొంతు మగగొంతులా మారిపోయేదాకా వినేదాన్ని.

నేను పనిచేసిన ఇల్లు మస్కట్ శివార్లలో, అల్ హైల్ అనే చోట, సముద్రానికి దగ్గర. వెనక ఖర్జూరాలు, నిమ్మచెట్లు ఉన్న పెద్ద దొడ్డి. అక్కడ ఇంటి యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవాలి. ఆడమనిషిని మామా అని పిలవడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు, మా మేనమామ మీసాలే కళ్ల ముందు కదిలేవి. మామా బడిలో పంతులమ్మ. బాబా ఎడారిలో అడవి జంతువులను చూసుకునే సర్కారు ఉద్యోగి, వారంలో సగం రోజులు ఇంటిపట్టున ఉండేవారు కాదు. పగలంతా ఇంట్లో నేనూ, బాబా తల్లీ. ఆవిడ ఎడారి గుడారాల్లో పుట్టి పెరిగిన మనిషి. నుదుటి నుంచి ముక్కు మీదుగా గట్టి ముసుగు కట్టుకునేది, కళ్లు మాత్రమే కనిపించేవి. నేను ఆవిడను మన పద్ధతిలో అవ్వా అనే పిలిచాను, ఆవిడ కూడా అదేదో గౌరవమైన మాటే అయి ఉంటుందని ఒప్పుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం బాబా తలగుడ్డలో ఏదో చుట్టుకుని ఇంటికి వచ్చారు. విప్పితే పిల్లి అంత జింకపిల్ల, ఇసుక రంగు ఒళ్లు, ఒళ్లంతా కళ్లే అన్నట్టు ఉంది. అక్కడ ఆ జాతిని గజాల్ అంటారు, మన జింకకన్నా చిన్నది. తల్లిని ఎవరో వేటాడి చంపితే, పిల్ల పొద మాటున దొరికిందట. ఎడారిలో వాళ్ల ఆఫీసు క్యాంపు ఉంది గానీ అక్కడ ఇంత పసిదాన్ని సాకేవాళ్లు లేరు. నువ్వు ఊళ్లో మేకలు పెంచానన్నావు కదా, చూడు, అన్నారు.

మేకలు పెంచానన్న మాట నిజమే గానీ, తల్లి లేని మేకపిల్ల ఆకలేస్తే అరుస్తుంది, ఇది అరవదు. సీసా పెడితే పళ్లు బిగబట్టింది. అప్పుడు అవ్వ తన నల్ల పైవస్త్రం తీసి నా మీద కప్పి, ఆ చీకట్లోకి పిల్లను దూర్చి, కింద నుంచి సీసా అందించమంది. తల్లి పొట్ట కింద అనుకున్నదో ఏమో, నాలుగు గుటకలు వేసింది. పాలయ్యాక తడిగుడ్డతో వెనక తుడవడం నాకు తెలిసిన పని. తల్లి నాకినట్టు అలా తుడిస్తే గానీ పసికూనకు మూత్రం రాదు. అది చూసి అవ్వ నా భుజం తట్టింది. ఆ రోజుతో మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

అక్కడి నుంచి నా దినమంతా ఆ పిల్ల చుట్టూ అల్లుకుపోయింది. తెల్లవారి నమాజు పిలుపు వినిపించేసరికి మేకపాలు కాచి చల్లార్చేదాన్ని. తాగిన వెంటనే అది పోయి నిమ్మచెట్టు మొదట్లో ముడుచుకుని, మెడ నేలకు ఆనించి, రాయిలా పడుకునేది. మొదటిరోజు చచ్చిపోయిందనుకుని ఒళ్లోకి ఎత్తుకుంటే అవ్వ గట్టిగా కోప్పడింది. ఎడారిలో తల్లి గజాల్ పాలిచ్చి దూరంగా పోతుందట, పక్కన ఉంటే తన వాసనకు నక్క వస్తుందని. పిల్ల కదలకుండా పడుకోవడమే దాని చదువట. కాబట్టి పాల వేళకు మాత్రమే పోవాలి, మిగతా వేళ దాని వైపు చూడనట్టు ఉండాలి. ఇల్లు తుడుస్తూ, చేపలు కడుగుతూ, కిటికీలోంచి నిమ్మచెట్టు వైపు చూడనట్టు చూడటమే నాకు పనైంది. ఒకసారి దానికి విరేచనాలు పట్టుకుని కాళ్లు నిలవక కూలబడింది. క్యాంపు డాక్టరు ఫోన్లో చెప్పినట్టు పాలు ఆపి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పోస్తూ, అన్నం మానేసి దాని దగ్గరే కూర్చున్నాను. మూడోనాటికి లేచి నిలబడి నా కొంగు నమిలింది.

ఆ ఇంట్లో నా భాష వినే ప్రాణి అదొక్కటే. పాలు పడుతూ ఊరి సంగతులు చెప్పేదాన్ని, అక్క మీద అలిగేదాన్ని, ఎప్పుడైనా ఏడ్చేదాన్ని కూడా. "దా మే, పాలు తాగి పో" అంటే చాలు, దొడ్డి ఏ మూల ఉన్నా చెవులు నిక్కించి ఉరికి వచ్చేది. కొన్నాళ్లకు ఇంకొక పిల్లను తెచ్చారు, అది మగది, బండి తగిలి తల్లి పోయిన బిడ్డ. అది పాలకు తప్ప మనిషి దగ్గరకు వచ్చేది కాదు, వచ్చినా తాగి తన్ని పోయేది. పక్క తోటలో పనిచేసే నిజామాబాద్ అన్న వాటి కోసం లూసర్న్ గడ్డి, మన తుమ్మకు చుట్టంలాంటి సమర్ చెట్టు కొమ్మలు కోసుకొచ్చేవాడు. ఆడపిల్లను చూసి, "గిది జింక కాదక్కా, నీ బిడ్డె. నువ్వు మాట్లాడుతుంటె ఊ కొడ్తుంది సూడు" అని నవ్వేవాడు.

అది అలా ఊ కొట్టడమే తర్వాత చిక్కు తెచ్చింది. పిల్లలకు కొమ్ములు మొలిచాక బాబా వాటిని ఎడారికి తరలించారు. క్యాంపు దగ్గర పెద్ద కంచె ఉంటుంది, అందులో ఇంకొన్ని గజాల్‌లతో కలిసి కొన్నాళ్లు ఉండి, మేత వెతుక్కోవడం, మందలో మెలగడం నేర్చుకుంటే గేటు తెరిచి వదిలేస్తారు. అవ్వ ప్రతి చలికాలం ఆ వైపున్న తన వాళ్ల గుడారాలకు పోతుంది కాబట్టి ఆవిడకు తోడుగా నన్నూ పంపారు. కంచె మరమ్మతుకు మనిషి కావాలంటే నిజామాబాద్ అన్న కూడా మా బండిలోనే వచ్చాడు. మస్కట్ వైపు కొండలు దాటాక పొద్దంతా ప్రయాణం చేసినా దారిలో కొండ లేదు, ఏరు లేదు, నేల ఆకాశం దాకా చదునుగా పరుచుకుని ఉంది.

మగపిల్ల రెండు రోజుల్లో మందలో కలిసిపోయింది, ఏది మాదో గుర్తుపట్టడానికి చెవికి వేసిన బిళ్ళ చూడాల్సి వచ్చేది. ఆడపిల్ల మాత్రం మంద ఒక వైపు పోతే తాను కంచెకు ముఖం ఆనించి గుడారాల వైపు చూస్తూ నిలబడేది. నేను కనపడకూడదని గుడారంలోనే కూర్చున్నాను. అయినా ఒకరోజు అన్న కంచె తీగ బిగిస్తూ తనలో తానే ఏదో గొణుక్కుంటుంటే అది మందను వదిలేసి పరుగెత్తుకొచ్చి అతని చొక్కా వాసన చూసిందట. అన్న వచ్చి, "ఏందక్కా గిది! నా మొకం గూడ సక్కగ సూడలే, తెలుగు ఇనంగనె ఉరికొచ్చింది!" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. బాబా నవ్వలేదు. వచ్చీరాని హిందీలో నాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పారు. "మనిషి గొంతు వింటే పారిపోయే జంతువే ఇక్కడ బతుకుతుంది. ఇది ఎదురు వెళుతోంది. వేటగాడు దీన్ని వెతకనక్కరలేదు."

ఆ పైన ఇంకో మాట అన్నారు. గేటు తెరిచినా ఇది పోకపోతే మళ్లీ అల్ హైల్ తీసుకుపోదాం, దొడ్డిలో బతికినన్నాళ్లు బతుకుతుంది, నువ్వు పెంచినదానివి, నువ్వే చెప్పు, అని. లోపల నా ప్రాణం ఎగిరి గంతేసింది. పోదాం బాబా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎందుకో రేపు చెబుతానన్నాను.

ఆ ఎడారిలో ఒక వింత ఉంది. వాన లేదు గానీ చలికాలం తెల్లవారేసరికి సముద్రం వైపు నుంచి పొగమంచు వచ్చి నేలంతా కమ్మేస్తుంది, చెట్ల ఆకుల నుంచి నీళ్లు చినుకుల్లా రాలతాయి. మరునాడు ఆ మంచులో అవ్వా నేనూ గాలికి ఎదురుగా నడిచి కంచె చూడటానికి పోయాం. నా పిల్ల ఒక సమర్ చెట్టు కింద నిలబడి, ఆకు ఆకూ నాకుతూ ఆ తడి తాగుతోంది. అల్ హైల్‌లో బకెట్ నీళ్లు తప్ప ఎరగదు. నేను నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు.

తిరిగి వస్తుంటే అవ్వ అడిగింది, మీ దేశంలో బిడ్డకు పాలు ఎట్లా మాన్పిస్తారు అని. వేపాకు నూరి పూసుకుంటామని చేతులతో చూపించాను. మేము కలబంద రసం పూసుకుంటాం, అదీ చేదే, అని ఆవిడ ముసుగులోంచి నవ్వింది. తర్వాత, "ఇవ్వడం తల్లి పనే. మాన్పించడమూ తల్లి పనే. రెండోదానికి ఎవరూ మెచ్చుకోరు" అంది. నాకు విమానం ఎక్కే ముందు వారం గుర్తుకొచ్చింది. వేపాకు పూసుకుని కూర్చుంటే నా బిడ్డ నోరు పెట్టి, ముఖం చేదు చేసుకుని, నన్ను నమ్మలేనట్టు చూసిన చూపు. అవ్వకు ఆ మాట చెప్పలేదు, నా అరబ్బీ అంత దూరం పోదు. గుడారానికి పోయాక బాబాతో మాత్రం, దాన్ని ఇక్కడే ఉండనివ్వండి, అన్నాను.

అవ్వ తన గుడారం కంచెకు కనిపించనంత దూరానికి మార్పించింది. కంచె దగ్గర తెలుగు మాట వినపడకూడదని మేము కట్టుబాటు చేసుకున్నాం. అన్న పాటలు మానేశాడు, నాతో పని పడితే "సిస్టర్, పానీ లావ్" అని హిందీలో అరిచేవాడు, కడప మనిషీ నిజామాబాద్ మనిషీ హిందీలో మాట్లాడుకోవడం చూసి క్యాంపువాళ్లు వింతపడ్డారు. గాలి అటు నుంచి వీచే వేళ దాని అరుపు ముక్కుతో మూలిగినట్టు వినిపించేది. నేను రొట్టెల పిండి పిసుకుతూ ఉండేదాన్ని. కొన్నాళ్లకు ఆ అరుపు తగ్గింది, ఆ పైన వినిపించలేదు. వినిపించని రోజులే నాకు ఎక్కువ కష్టమయ్యాయి.

చలి విరిగే ముందు గేటు తెరిచారు. మగపిల్ల ఆ పూటే మందతో పోయింది. ఆడపిల్ల గేటు లోపల రోజుల తరబడి తారాడింది. మేము బయల్దేరిన ఉదయం మా బండి ఆ దారినే పోవాల్సి వచ్చింది; అప్పటికి అది గేటు దాటి బయట నిలబడి ఉంది, దూరంగా నాలుగైదు గజాల్‌లు మేస్తున్నాయి. బండి చప్పుడుకు తల తిప్పి మా వైపు చూసింది. డ్రైవరు బండి ఆపాడు. నేను ఒక్క మాట పలికితే చాలు, ఉరికి వస్తుంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని డ్రైవరును పొమ్మంది. వెనక్కి తిరిగి చూడలేదు నేను, అది ఎటు పోయిందో తెలియకుండానే ఇల్లు చేరాను.

మరుసటి ఏడాది బాబా ఎడారి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డారు. "చూశాను దాన్ని. పిల్లను పెట్టింది. నా బండి కనపడగానే పిల్లతో సహా పారిపోయింది." పారిపోయిందన్న మాట అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను చూడలేదు. ఆ రోజు ఎవరినీ అడగకుండా సేమియా పాయసం చేశాను. అవ్వ రెండు గిన్నెలు తాగింది. ఆ తర్వాతి ఏళ్లలో ఆ ఎడారిలో వేటగాళ్లు బాగా పెరిగారని, చాలా జంతువులు పోయాయని విన్నాను. నాది పోయిందో, దాని సంతానం మిగిలిందో బాబా చెప్పలేదు, నేను అడగలేదు. అవ్వ పోయాక ఆ ఇంట్లో నాకు మనసు నిలవలేదు. తొంభైల నడుమ వచ్చేశాను.

నేను వచ్చేసరికి నా కూతురు బడికి పోతోంది. నన్ను చూసి అక్క వెనక దాక్కుంది, అక్కనే అమ్మా అంది. దగ్గరికి లాక్కోలేదు నేను. అది తనంతట తాను నా పక్కన కూర్చుని తల దువ్వమని దువ్వెన ఇవ్వడానికి ఒక వానాకాలం పట్టింది. మంచి పిల్ల, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, నాకు ఏ లోటూ చెయ్యదు. కానీ ఈ రోజుకూ అక్కతో "నువ్వు" అని పోట్లాడుతుంది, నాతో "మీరు" అని మాట్లాడుతుంది.

ఇప్పుడు కాలం మారింది. మా ఎదురింటి పిల్ల కువైట్‌లో పనిచేస్తూ ఉంది. రోజూ సాయంత్రం ఫోన్లో ముఖం చూపించి, అన్నం తినలేదేమని, పలక ఎక్కడ పారేశావని ఇక్కడున్న కొడుకును తిడుతుంది. వాడు ఊరుకోడు. "పో మా, నీకేం తెల్దు, నువ్వుండు" అని ఫోను తిప్పి పడేసి అలుగుతాడు, మళ్లీ వాడే తీసుకుంటాడు. నేను ఏ పని ఉన్నా ఆ వేళకు ముగించుకుని, వాళ్ల పోట్లాట వినడానికి గడపలో వచ్చి కూర్చుంటాను.