వింకో తాత ఎడమకాలు

అమెరికా పడమటి ఒడ్డున, టకోమా పాత రేవులో వింకో తాతంత సంతోషంగా బతికే మనిషి ఇంకొకడు లేడు. ఆయనకొచ్చిన చిక్కంతా దానివల్లనే.

వాన పడితే చేపలకు మంచిదంటాడు. వాన ఆగితే వలలు ఆరతాయంటాడు. పన్ను పీకించుకున్న రోజు కూడా నోట్లో దూదితో ఈల వెయ్యబోయి డాక్టరమ్మ చేత చీవాట్లు తిన్నాడు. అలాంటి మనిషికి ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనది రస్ట్ బెల్ అనే బ్యాండు వాళ్ళ సంగీతం. ఆ పాటల్లో బురద, చలి, పోయినవాళ్ళు, పోబోయేవాళ్ళు తప్ప ఇంకేమీ ఉండవు. గిటారులో అన్నిటికన్నా లావు తీగని ఇంకా వదులు చేసి, పొగమంచులో ఓడ కూత పెట్టినట్టు వాయిస్తారు. పాడే అతను పోయి చాలా ఏళ్ళయింది. మిగతావాళ్ళు తలో దారీ పట్టారు. పాటలు మాత్రం ఈ ఊరి గిటారు వాళ్ళ వేళ్ళని వదల్లేదు.

ఆయన భార్య మాండా బామ్మకి అది ఈనలేని ఆవు మూలుగు.

"ఇంత నవ్వుమొహం పెట్టుకుని నీకా ఏడుపు పాటలేంటయ్యా?" అని ఆవిడ అడిగితే తాత దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"నా ఏడుపు కూడా వాళ్ళే ఏడ్చి పెడుతున్నారు కదే. ఇక నాకేం పని మిగిలింది?"

అసలు ఆ పిచ్చి ఆయనకి పడవ మీద పట్టుకుంది. నలభై ఏళ్ళ వయసులో, అలాస్కాలో సాల్మన్ వేటకి వెళ్ళినప్పుడు, కుర్ర కళాసీ ఒకడు రస్ట్ బెల్ క్యాసెట్ ఒకటి తెచ్చాడు. టేప్ రికార్డరు దాన్ని మింగి మళ్ళీ కక్కలేదు. తీసి ఇంకోటి పెట్టడానికి వీల్లేక వేసవంతా అదొక్కటే మోగింది. మిగతావాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. తాత మాత్రం వల పైకొచ్చే తీరు చూస్తూ ఆ పాటలు విన్నాడు. బరువైన వల తొందరగా రాదు. తాడు బిగుసుకుంటుంది, కాసేపు ఏమీ కదలదు, తర్వాత నీళ్ళ అడుగు నుంచి మొత్తం ఒక్కసారి లేస్తుంది. వాటిలో 'అడుగు బురద' అనే పాట కూడా అంతే. ఇంటికి రాగానే సెకండ్ హ్యాండ్ గిటారొకటి కొని, పట్టుకోవడం కూడా రాకుండానే, లావు తీగని వదులు చేసుకుని కూర్చున్నాడు.

వేళ్ళు నేర్చుకున్నాయి. ఎడమకాలు నేర్చుకోలేదు.

ఆ కాలు తండ్రి ఆస్తి. తాత తండ్రి ఆంతె, క్రొయేషియాలో ఒక దీవి నుంచి వచ్చిన జాలరి. మెడకి అకార్డియన్ తగిలించుకుని ఈ రేవులో జరిగిన ప్రతి పెళ్ళికీ జనం చేత గంతులేయించే పోల్కా వాయించినవాడు. ఉయ్యాల్లో ఉన్నప్పుడే వింకో ఎడమకాలు ఆ దరువు పట్టేసింది. పుట్టుకతో వచ్చింది పుడకలతోగానీ పోదంటారు. ఎలాంటి పాటైనా సరే, నాలుగు వరుసలు దాటేసరికి ఆ కాలు నేలని టకటకా కొట్టడం మొదలుపెడుతుంది. చేతులు దాని వెనక పరిగెడతాయి. పెళ్ళికి ముందు మాండాతో మొదటిసారి డాన్సు చేసినప్పుడు కూడా అంతే. మిగతా జంటలు ఒక చుట్టు తిరిగేలోపు వీళ్ళు రెండు తిరిగారు. మూడో చుట్టులో మాండా అతని కాలు మీద కాలేసి గట్టిగా తొక్కింది. "నేను మనిషిని, బొంగరాన్ని కాదు" అంది. ఆ తొక్కుడుకే తాత పడిపోయాడు.

ఏటా నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగ్ క్లబ్బు వెనకాల హాల్లో, రస్ట్ బెల్‌ని ప్రేమించే గిటారు వాళ్ళందరూ కలుస్తారు. పాడేవాళ్ళు ఉండరు. ఆ గొంతు మళ్ళీ ఎవరికీ రాదని వాళ్ళ నమ్మకం. మైకు ముందు చోటు ఖాళీగా వదిలేస్తారు, పాట జనం పాడతారు. చివర్లో 'అడుగు బురద'. దాన్ని మొదలుపెట్టేది ఒక్కరే. ఎప్పుడూ టైర్ల షాపు డ్వేన్. తాత పదిహేనేళ్ళుగా వెనక వరసలో, ఎవరికీ వినపడనంత చిన్న స్పీకరుతో.

ఈ ఏడు డ్వేన్ ఇంటి చూరు గొట్టంలో ఆకులు తీస్తూ నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టుతోనే తాత వంటింటికి వచ్చాడు.

"పెద్దాయనా, ఈసారి 'అడుగు బురద' నీదే."

తాత చేతిలో చెంచా సూపులో మునిగిపోయింది.

"ఒక్కటే షరతు. పరిగెత్తకూడదు. పరిగెడితే లోరెటా డ్రమ్ము కర్రలు పైకెత్తుతుంది. ఎత్తిందంటే దిగిపోవాలి. రూలు అందరికీ ఒకటే."

"నేనెప్పుడు పరిగెత్తానురా?"

"నీ స్పీకరు చిన్నది కాబట్టి లోకానికి తెలీలేదు గానీ, పోయినేడు మేం మధ్యలో ఉండగా నువ్వు పాట ముగించి కాఫీకి వెళ్ళావు."

తాత పడీపడీ నవ్వాడు. కానీ డ్వేన్ వెళ్ళాక అరచేతులు చూసుకున్నాడు. డెబ్భై ఒకటి వచ్చాయి. చలికాలానికొక వేలు చొప్పున రాజీనామా ఇస్తోంది. వచ్చే ఏడాదికి ఎన్ని మిగులుతాయో చెప్పలేం. అంటే ఈసారే. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

రిహార్సలు టైర్ల షాపులో. అందరూ అంతకుముందే వాదనలో ఉన్నారు. రస్ట్ బెల్ గిటారులో ఆ మోత పాత యాంప్లిఫయరు వల్ల వచ్చిందని ఒకడు, కాదు, తీగని మీటే పలచటి ముక్క వల్లనని ఇంకొకడు. ముప్ఫై ఏళ్ళ నాటి తగువు అది. తీరిపోతే వాళ్ళకి కలుసుకోవడానికి సాకు ఉండదు.

"మోతలో ఏముందిరా, ఆగడంలో ఉంది బరువు" అంది లోరెటా. ఆవిడ వీళ్ళకి డ్రమ్ములు వాయిస్తుంది, మామూలు రోజుల్లో స్కూలు బస్సు నడుపుతుంది. పాట మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆగిపోయే చోటుంది. ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉంటుంది. తర్వాత అందరూ కలిసి ఒక్క దెబ్బ వేస్తారు. ఆ దెబ్బ కోసమే ఊరంతా వస్తుంది.

తాత మొదలుపెట్టాడు. మొదటి వరుస బ్రహ్మాండం. రెండోది ఇంకా బాగుంది. డ్వేన్ కళ్ళు మూసుకున్నాడు. నాలుగో వరుసలో టక్... టకటక... టకటకటక. లోరెటా కర్రలు పైకెత్తింది.

"తాతయ్యా, ఇది స్కూలు ముందు రోడ్డు. ఇరవై దాటావంటే చలానా రాస్తా."

రెండోసారీ అంతే. మూడోసారి నిశ్శబ్దం వచ్చే చోట అందరూ ఆగితే, తాత ఒక్కడే ఆ గుంటలోకి దూకి, అవతలి గట్టెక్కి వెనక్కి చూశాడు.

ఇక ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. పడవ మీద వేసుకునే రబ్బరు బూట్లు తొడిగితే టకటక కాస్తా దబదబ అయింది. కూర్చుని వాయిస్తే మోకాలెగిరి గిటారు గడ్డానికి తగిలింది. చివరికి కాలుని వల అల్లే దారంతో వంటింటి కుర్చీకి కట్టుకున్నాడు. మాండా బామ్మ లోపలికొచ్చేసరికి కుర్చీ, తాత, గిటారు ముగ్గురూ కలిసి ఎగురుకుంటూ పొయ్యి దాకా వచ్చేశారు.

"కుర్చీ విరిగిందో, ఆ చోట్లో నాలుగు కాళ్ళ మీద నిన్నే నిలబెడతా" అంది బామ్మ.

తాత నవ్వలేదు. ముడి విప్పుకున్నాడు. గిటారు పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"డ్వేన్‌కి ఫోన్ చేసి ఇంకెవరినైనా చూసుకోమంటా" అన్నాడు.

ఆ మర్నాడు ఇంట్లో ఈల వినపడలేదు. బామ్మ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సర్మా వండుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, మనిషి ఉన్నాడా లేడా అని. ఉన్నాడు. కిటికీలోంచి వాన చూస్తున్నాడు. చేపలకి మంచిదని కూడా అనలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఈల ఆపమని పోరిన మనిషి, అది ఆగిపోయేసరికి తట్టుకోలేకపోయింది.

"ఫోన్ చేశావా?"

"ఇంకా లేదు."

"చెయ్యకు. ఆ మూలుగు ఎంతసేపుంటుంది?"

"ఏడు నిమిషాలు. ఏం?"

"మన మొదటి డాన్సు గుర్తుందా?"

"నాకన్నా నా కాలి గోరుకి బాగా గుర్తుంది" అన్నాడు తాత. అన్నాక, ఆవిడ మొహం చూసి, నోరు తెరిచాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. వేటకి వెళ్ళే చొక్కాలు, నెరిసిన గడ్డాలు, తడిసిన టోపీలు. 'అడుగు బురద' వేళకి వింకో తాత గిటారు తగిలించుకుని ముందుకొచ్చాడు. వెనకే మాండా బామ్మ. చర్చికి వేసుకెళ్ళే కోటు, భుజాన హ్యాండ్‌బ్యాగ్. బామ్మ సన్నటి మనిషేమీ కాదు. ఖాళీ మైకుని కాస్త పక్కకి జరిపి, తాత పక్కకొచ్చి, రెండు కాళ్ళతో ఆయన ఎడమ పాదం మీదికెక్కి నిలబడింది. పడిపోకుండా ఆయన జేబు అంచు పట్టుకుంది.

"మాండా ఆంటీ, ఏంటిది?" అన్నాడు డ్వేన్.

"నేను డాన్సుకొచ్చాను. నువ్వు నీ పని చూసుకో నాయనా."

రూల్లో దానికి అడ్డేమీ లేదు. లోరెటా భుజాలెగరేసి కర్రలు అందుకుంది.

మొదటి వరుస. రెండు. మూడు. నాలుగో వరుసలో బామ్మ కాళ్ళ కింద ఏదో కొట్టుకుంది, వలలో పడ్డ చేపలా. ఆవిడ మడమలు ఇంకాస్త అదిమింది. చేప ఊరుకుంది. జనం పాట అందుకున్నారు. వందమంది బొంగురు గొంతులు, ఒక్కటీ శ్రుతిలో లేదు. తాత మొహం మాత్రం పండగలా వెలిగిపోతోంది.

ఆ చోటు వచ్చింది. డ్రమ్ములు ఆగాయి, గిటార్లు ఆగాయి. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తాత కూడా ఆగాడు. రేకు కప్పు మీద వాన చప్పుడు వినిపించింది. గోడ అవతల ఎవరో విసిరిన బౌలింగ్ బంతి దొర్లుకుంటూ పోయింది. పక్కన మాండా ఊపిరి. ఇన్నేళ్ళూ తను దూకి దాటేసిన చోట ఇంత ఉందని ఆయనకి తెలీదు. తాడు బిగుసుకుంది. ఏదీ కదల్లేదు. అప్పుడు లోరెటా చెయ్యి లేచింది, నీళ్ళ అడుగు నుంచి మొత్తం ఒక్కసారి పైకొచ్చింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

లోరెటా చివరిదాకా కర్రలు ఎత్తలేదు.

చప్పట్ల మధ్య బామ్మ కిందికి దిగింది. కాలికి స్వేచ్ఛ దొరికిందో లేదో, అది తన బాకీ అంతా ఒక్కసారే తీర్చుకుంది, టకటకటకటక. లోరెటా నవ్వాపుకోలేక డ్రమ్ముల మీద ఆ దరువే అందుకుంది. రస్ట్ బెల్ భక్తులు కాసేపు నిలబడిపోయి, తర్వాత సిగ్గుపడుతూ ఊగడం మొదలుపెట్టారు.

"బాగుందా మాండా?" అన్నాడు తాత, కుంటుకుంటూ వేదిక మెట్లు దిగుతూ.

"పాట ఈనలేని ఆవే. కానీ మధ్యలో నోరు మూసుకున్నారే, ఆ ముక్క బాగుంది."

"అదే కదే అసలు పాట!"

వాళ్ళు తలుపు దాకా వెళ్ళేలోపు వెనక నుంచి డ్వేన్ పరిగెత్తుకొచ్చాడు. వాడి వెనక ఇద్దరు ముగ్గురు గిటారు వాళ్ళు, బూట్లు ముందుకు చాపుకుని.

"ఆంటీ, వచ్చే ఏడాది మీరు ఖాళీయేనా? మావాళ్ళలో ఇంకా కొందరు పరిగెడుతున్నారు."

"నాకు ఒక్క కాలే చాలు నాయనా" అంది మాండా బామ్మ. ఆ కాలి తాలూకు మనిషి చెయ్యి పట్టుకుని వానలోకి నడిచింది.

"చేపలకి మంచిదే" అని, తాత ఈల అందుకున్నాడు.