అమ్మీ కాలు, దామాద్ ముందు సీటు

కారు కొంటున్నరన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తోడికోడలు. నేను వంటింట్ల ఎల్లిపాయ పొట్టు తీస్తున్న. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకొని వచ్చి, "వింటివా, పెద్ద కారు తీసుకుంటరంట. అమ్మీ కోసమే. ఇగ అద్దె బండ్ల ఫికర్ లేదు," అన్నది. చేతులు కూడా కడుక్కోకుండ నేను అల్లాకు షుకర్ చెప్పిన.

అమ్మీ అంటే మా అత్తమ్మ. బాత్రూంల జారి పడ్డంక ఎడమ కాలుకు ఆపరేషనైంది, లోపల రాడ్ వేసిన్రు. ఆ మోకాలు ఇప్పటికీ మడుస్తలేదు. వారం వారం మెట్‌పల్లి నుంచి కరీంనగర్ ఆసుపత్రికి తీసుకపోయి కసరత్తు చేయించాలె. అద్దెకు ఏ బండి దొరికితే దాంట్ల పోయేది. ఆ కాలు ఒకసారి తలుపుకు, ఒకసారి సీటుకు గుద్దుకునేది. అమ్మీ అరిచే మనిషి కాదు. ఓణీ అంచు పండ్ల నడుమ పెట్టి నొక్కేది. ఇంటికొచ్చినంక ఆ ఓణీ ఉతికేది నేనే కాబట్టి, ఏ వారం ఎంత నొప్పి అయిందో నాకు తెలిసేది.

ఎత్తు బండ్లు ఎక్కిపియ్యొద్దని డాక్టరు ముందే చెప్పిండు. అందుకని జీపు లెక్కటి కార్లు వద్దు, కిందికి ఉండే పొడుగాటి సెడానే కావాలె అని అందరు ఒప్పుకున్నరు. ఆ ఒక్క మాట మీదనే అందరు ఒకటైంది.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా అబ్బా, అంటే నాయిన, కాగజ్‌నగర్ పేపర్ మిల్లుల పని చేసేటోడు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు అంచు తెగిన కాయితాలు తెచ్చి, వాటి మీద నాకు ఉర్దూ, తెలుగు రెండు రాయ నేర్పిండు. ఖురాన్ మా దాదీ, అంటే నాయినమ్మ, చదివిచ్చింది. వాళ్లిద్దరికి అల్లా జన్నత్ ఇయ్యాలె. ఇంట్ల చదువుకున్నోళ్లకు ఒక అలవాటుంటది, అడ్డం మాట్లాడరు. గోడ అవుతల మాట వింటరు, మనసుల పెట్టుకుంటరు. కారు పంచాయతి కూడా నేను అట్లనే విన్న, పర్దా ఇవుతల నుంచి. మా ఇంట్ల మాట ఉర్దూల మొదలై తెలుగుల తేలుతది. ఇక్కడ మొత్తం తెలుగులనే రాస్తున్న.

పంచాయతి ఇద్దరి నడుమ. ఒకరు మా ఇంటాయనకు అన్న, నేను భాయ్‌సాబ్ అంట. మెట్‌పల్లిల పసుపు కొనే దుకాణం ఆయనది. ఇంకొకరు దామాద్, అంటే మా ఆడబిడ్డ భర్త. కరీంనగర్‌ల గ్రానైట్ వ్యాపారం. మా ఇంటాయన దుబాయిల ఉంటడు. ఫోన్ చేసి అడిగితే, "వాళ్లు చూసుకుంటరు, నువ్వెందుకు పరేషాన్ అయితవు?" అన్నడు. నేను చూసుకునేది కారును కాదు, ఆమె కాలును అని చెప్పేలోపల ఫోన్ కట్టయింది.

భాయ్‌సాబ్ చూసొచ్చింది తెల్ల కారు. దామాద్ మనసు పడ్డది నల్ల కారు.

"ఎనుక సీటు చూసిన్రా? దివాన్ లెక్కుంది," అన్నరు భాయ్‌సాబ్. "తలుపు ఇంత తెరుచుకుంటది. గుంతల మీద పోతుంటే పడవల పోతున్నట్టు."

"దివాన్ కావాల్నంటే ఫర్నిచర్ దుకాణంకు పోండ్రి," అన్నరు దామాద్. "కారంటే రోడ్డును పట్టుకోవాలె. మీ తెల్లది మలుపుల కాడ నిండు చూలాలు లెక్క ఊగుతది."

"మరి నీ నల్లది? పొట్ట నేలకు ఆనుతది. మన రోడ్ల మీద ప్రతి స్పీడ్ బ్రేకర్‌కు నమాజుల లెక్క నేలకు వంగి సజ్దా చేసుకుంట పోతది."

అస్తగ్‌ఫిరుల్లా, అల్లా మాఫ్ చెయ్యాలె అనుకున్న గాని పర్దా ఎనుక మా తోడికోడలికీ నాకూ నవ్వు ఆగలే.

"నడపరానోళ్లకు కిందికి తాకుతది. స్టీరింగ్ తిప్పితే వెంట్రుక వాసి తేడా రాదు దానికి. ఆ హ్యాండ్లింగ్ మీకు ఎట్ల సమజైతది, పసుపు బస్తాలు మోసే బండ్లు నడిపినోళ్లకు?"

"అవ్ భాయ్. బస్తాకు నొప్పి తెల్వది, మనిషికి తెలుస్తది. మరి నీ రాళ్లకు తెలుస్తదా?"

ఇట్ల నడిచింది. చాయ్ మీద చాయ్ పోయింది లోపలికి. పికప్, డిక్కీ, మైలేజీ అన్నీ వచ్చినయి గాని అమ్మీ పేరు రాలే. చివరికి నేనే ట్రే పర్దా సందులకెల్లి అందిచ్చుకుంట, "భాయ్‌సాబ్, అమ్మీని ఒకసారి షోరూంకు తీసుకపోయి రెండిట్ల కూసోబెట్టి చూస్తే?" అన్న.

దామాద్ నవ్విండ్రు. "మంచిగ చెప్పిన్రు భాభీ. మంచం కూడా ఏస్కొని పోదామా?" అన్నరు. భాయ్‌సాబ్ కూడా నవ్విండ్రు. అంతసేపు కత్తులు దూసుకున్నోళ్లు నన్ను చూసి నవ్వే కాడ దోస్తులైన్రు. ఆ నవ్వు నాకింకా చెవుల ఉన్నది. దాన్ని మర్చిపొమ్మని అల్లాను అడిగిన. మర్చిపోలే.

మా దిక్కు ఒక ఆచారం. దామాద్ ఇంటికొస్తే మెత్తటి కుర్చీ ఆయనకే, కోడి తొడముక్క ఆయనకే, బండి ఎక్కితే ముందు సీటు ఆయనకే. ఆయన మాట కాదంటే ఆ రోజు ఏం కాదు. ఆ తర్వాత అక్కడ బిడ్డకు అయితది. ఆయన మూతి ముడుచుకొని పోతే పండుగకు బిడ్డను పంపరు. అందుకే భాయ్‌సాబ్ ఎంత కొట్లాడినా ఆఖరికి నల్ల కారుకే తల ఊపిండ్రు. రాత్రి అన్నం తినుకుంట మా తోడికోడలితోని, "ఏం జేస్త, చెల్లె మొఖం చూడాలె గద," అన్నరంట.

టెస్ట్ డ్రైవ్‌ల ఎనుక ఎవరు కూసున్నరని భాయ్‌సాబ్‌ను అడగమని మా తోడికోడలికి చెప్పిన నేను. అడిగింది. స్టీరింగ్ దామాద్ పట్టుకున్నరంట, పక్కన భాయ్‌సాబ్. ఎనుక షోరూం మనిషి, అగ్గిపుల్ల అసొంటోడు, "ఎనుక మస్తు జాగుంది సార్" అన్నడంట. మడవరాని కాలు ఉన్న మనిషి కోసం కొంటున్న బండిల, ఎనుక సీటు సంగతి దాన్ని అమ్ముకునేటోడు చెప్తే నమ్మి వచ్చిన్రు ఇద్దరు పెద్దమనుషులు.

మొదటి ప్రయాణం ఆసుపత్రికే. బిస్మిల్లా అని మొదలుపెట్టాలె గాబట్టి దామాద్ ముందు రోజే మా ఆడబిడ్డను తీసుకొని వచ్చిండ్రు. పొద్దున నేను అమ్మీ దండచేతికి ఇమామ్ జామిన్ కట్టిన, ప్రయాణం మంచిగ సాగాలని పచ్చ గుడ్డల నాణెం చుట్టి. ఎక్కుతుంటే తెలిసింది సంగతి. ఆ కారు పైకప్పు ఎనుక దిక్కు జారి ఉంటది, చూడనీకె అందంగ. అమ్మీ నుదురు దానికి తాకింది. కూసున్నది గాని ఎడమ కాలు లోపలికి వస్తలేదు. ముందు సీట్ల దామాద్ అప్పటికే ఎక్కి, సీటు ఎనుకకు వాల్చుకొని, ఏసీ గాలి మొఖానికి తిప్పుకుంటున్నరు. ముందుకు జరుపుమని ఎవరు చెప్పాలె? భాయ్‌సాబ్ స్టీరింగ్ దిక్కే చూస్తుండ్రు.

చివరికి అమ్మీని తలుపుకు ఆనిచ్చి, పక్కకు తిప్పి, ఆ కాలు నా ఒళ్లె, మా ఆడబిడ్డ ఒళ్లె అడ్డంగ పెట్టుకున్నం. కట్టెను మోసుకపోతున్నట్టు.

"ఎట్లుంది అమ్మీ? విమానం లెక్క లేదూ?" ముందట్నుంచి అడిగిండ్రు దామాద్.

"మాషా అల్లా, మంచిగుంది బేటా," అన్నది అమ్మీ. చెయ్యి మాత్రం నా మణికట్టు మీద ఉన్నది, గోర్లు దిగబడుతున్నయి.

కోరుట్ల దాటినం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కింద గర్ర్‌మని చప్పుడు. భాయ్‌సాబ్ దగ్గుతుండ్రు, దామాద్ కిటికీల చూస్తుండ్రు. ఆ దగ్గు ఆయనకు తగిలినట్టుంది. కాలువ వంతెన కాడి మలుపు వస్తుంటే, "ఇగో, ఇక్కడ స్లో చేయకుండ తిప్పుండ్రి. చూడుండ్రి పడవకూ కారుకూ తేడా," అన్నరు.

భాయ్‌సాబ్‌కు రోషం వచ్చింది. తిప్పిండ్రు.

నిజమే, కారు జరగలే. రోడ్డును పట్టుకునే ఉన్నది. లోపల మనిషినే పట్టుకోలే. కాలు మా ఒళ్లెకెల్లి జారి ముందు సీటు ఎనుకకు గుద్దుకున్నది. అమ్మీ నోట్లకెల్లి అప్పుడు వచ్చిన చప్పుడు ఆపరేషన్ నాడు కూడా నేను వినలే.

"ఆపుండ్రి," అన్న. ఆపిండ్రు.

"ఏం కాలే భాభీ, కొత్త బండి, జర అలవాటు కావాలె," అన్నరు దామాద్, మెడ కూడా తిప్పకుండ.

"మీరు ముందు సీటు దిగుండ్రి భాయ్. అమ్మీ ముందు కూసుంటది. సీటు మొత్తం ఎనుకకు జరిపితే కాలు చాపుకోవచ్చు."

"నేను దిగాల్నా?"

"దిగి ఎనుక మీ భార్య పక్కన కూసోండ్రి. నేను బస్సుల వస్త."

నాతోని ఒకే సీట్ల కూసునుడు ఆయనకు మర్యాద కాదని తెలిసే అట్ల అన్న. దారి చూపిస్తే అయినా దిగుతరనుకున్న. ఆయన నా దిక్కు చూడలే. మా ఆడబిడ్డ దిక్కు తిరిగిండ్రు.

"నువ్వు చెప్పు. దిగాల్నా?"

అమ్మీ అప్పటికే, "వద్దు బేటా, వద్దు, నాకేం కాలే. దుల్హన్, నోరు ముయ్యి," అని కోడలినైన నన్ను ఆపుతున్నది, కండ్లల్లకెల్లి నీళ్లు కారుకుంటనే. మా ఆడబిడ్డ తల్లి కాలు రెండు చేతులతోని పట్టుకొని ఉన్నది. తల ఎత్తలే.

"దిగుండ్రి," అన్నది.

ఒక్కటే మాట. దిగిండ్రు. తలుపు వేసిన చప్పుడుకు కొత్త అద్దాలు అదిరినయి. భాయ్‌సాబ్ ఎనుక ఉరికి చేతులు పట్టుకున్నరు. "మీ ఇంట్ల కోడండ్లు ఇట్లనా దామాద్‌లను రోడ్డు మీద దింపేది?" అని ఆయన జగిత్యాల బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కిపోయిండ్రు. పోయేముందు నన్ను ఏమనలే. భార్యను కూడా ఏమనలే. అనకపోవుడే భయమైంది నాకు.

అమ్మీని ముందుకు మార్చినం. సీటు కింద కమ్మి లాగి ఎనుకకంటా జరిపిన. కాలు నిటారుగ చాపుకున్నది. అంతసేపు బిగపట్టిన శ్వాస విడిచింది. గంగాధర ఊరు రాకముందే నిద్రపోయింది. అప్పటిదాంక ఏ బండిలనూ ఆ తోవల నిద్రపోని మనిషి.

ఆసుపత్రిల కసరత్తు అయినంక నా మొఖం చూసి, "నా బిడ్డ కాపురం మీద మన్ను పోసినవు," అన్నది. ఆ మాట ఆమె ఇప్పటికీ ఎనుకకు తీసుకోలే, నేను అడగలే. మాట్లాడకుండనే వారం వారం ముందు సీట్ల కూసుంటది. ఓణీ అంచు మీద పండ్ల గుర్తులు ఇప్పుడు లేవు. దానికి షుకర్ చెప్పుకుంట. ఆ కారు హ్యాండ్లింగ్ మంచిదేనని కూడా ఒప్పుకుంట. దాన్ని కొన్న తీరును మాత్రం ఒప్పుకోను. ముందు సీట్ల కూసున్న మగోళ్లు ఎనుక సీటు సుఖం మీద తీర్పు చెప్పుడు అన్యాయం. మా ఇంట్లనే కాదు, ఏ ఇంట్లనైనా.

ఆ నాటి సంది మా ఆడబిడ్డను పుట్టింటికి పంపలే. రంజాన్‌కు కూడా పంపలే. "ముందు ఆ భాభీ మాఫీ అడగాలె," అని కబురొచ్చింది. అమ్మీ ఏడుస్తుంటే చూడలేక ఫోన్ చేసి అడిగిన. మనసుల తప్పు అనుకోకుండనే నోటితోని అడిగిన. "ఫోన్‌ల కాదు, మా గడపకు వచ్చి, మా అమ్మ ముందల అడగాలె," అన్నరు దామాద్. సరే, వస్త అన్న. అప్పుడే ఫోన్ చేతులు మారింది.

"భాభీ, రావద్దు," అన్నది మా ఆడబిడ్డ. ఎనుక ఆయన ఏదో అంటుండ్రు. "నువ్వొచ్చి మాఫీ అడిగితే నేనన్న మాట కూడా తప్పయితది. అమ్మీ కాలు ఎట్లుంది?"

"మంచిగుంది," అన్న.

"అయితే సరే," అని పెట్టేసింది.

కరీంనగర్ పోయినప్పుడల్లా ఆసుపత్రికి మలిగే ముందు ఆమె ఉండే గల్లీ తగులుతది. భాయ్‌సాబ్ అక్కడ జర స్లో చేస్తరు. కారు ఆగదు.

చదివినోళ్లను ఒక్కటే అడుగుతున్న. నా కోసం కాదు, అమ్మీ కోసం కూడా కాదు, ఆమె కాలుకు జాగ దొరికింది. మీరు దువాకు చేతులెత్తినా, దేవునికి దీపం పెట్టినా, ఆ గల్లీల ఉన్న మా ఆడబిడ్డను ఒకసారి యాది చేసుకోండ్రి. పేరు చెప్పను, అల్లాకు తెలుసు. తల్లి కాలు ఒళ్లె పెట్టుకొని భర్తకు ఒక మాట చెప్పింది. ఆ ఒక్క మాటకు ఆమె పుట్టింటి తొవ్వ బందైంది. అది తెరుచుకోవాలని అడుగుండ్రి.