పసుపు కింద తెగిన వైరు

నిరుడు దసరాకి మ్యూనిక్ దగ్గర ఒక సరస్సులో జరిగిందిది. మావారూ, ఆయన కొలీగ్ శ్రీకాంతూ కలిసి ఓ పాత తెరచాప పడవ కొన్నారు. తెరచాప కట్టే స్తంభాన్ని నిలబెట్టే స్టీలు వైర్లను పరీక్షించమని పక్క పడవాయన చెబితే, మన మేధావులు వాటికి పసుపు పూసి ఆయుధపూజ చేశారు.

తర్వాత, స్తంభం ఎక్కి చివరనున్న కప్పీ మార్చడానికి మావారు నడుముకు బెల్టు బిగించారు. చేతులకు అంటుతోందని పసుపు నన్ను తుడవమన్నారు. వత్తుల దూదితో తుడుస్తుంటే ఒకచోట చిక్కుకుంది. చూస్తే, వైరు పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి.

"ఎక్కకండి, ఇది తెగిపోతోంది."

"పూజ చేసిన పూటే అపశకునమా? నోరు ముయ్యి!"

"జర్మన్ స్టీలు వదినా, ఏం కాదు," అని ఇకిలించాడు శ్రీకాంత్.

"అయితే నువ్వెక్కు నాయనా," అన్నాను, మావారి బెల్టు వదలకుండా.

ఆయనకు ఒళ్లు మండింది. "ఎంత గట్టిగా ఉందో చూడు!" అంటూ వైరును రెండు చేతులా గుంజారు. ఫట్‌మని తెగింది. స్తంభం విరిగి మా పక్కనుంచే నీళ్లలో కూలింది.

మావారు నా వైపు తిరిగారు. థాంక్స్ చెబుతారనుకున్నాను.

"అంతా నీ నోటి వల్లే," అన్నారు.

అననివ్వండి. అనడానికి మనిషి మిగిలాడు, నాకది చాలు. మళ్లీ ఎక్కబోతే మళ్లీ అరుస్తాను.