పెద్దబడి, చిన్నబడి, మధ్యలో నా ఆటో

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అర్థం కాకపోయేసరికి తప్పు పుస్తకానిదేనని తీర్పు చెప్పి బయటికి వచ్చేశాను. మేస్టార్లు నన్ను ఆపబోయారని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఆ రోజు వాళ్ళ ముఖాల్లో కనిపించింది మాత్రం బాధ కాదు. అప్పటి నుంచీ ఇదే చోడవరంలో ఆటో తోలుతున్నాను. బళ్ళ గురించి నాకు తెలిసిందంతా గేటు బయట నుంచి తెలిసిందే.

అలాంటి నాకు మొన్న ఒంటిపూట బడుల రోజుల్లో రెండు ప్రభుత్వ హైస్కూళ్ళను పరీక్షించే పని పడింది. మా అమ్మాయి ఐదో తరగతి ముగిస్తోంది. ఆరులో ఎక్కడ చేర్చాలన్నది ఇంట్లో తేలడం లేదు. మెయిన్ రోడ్డు మీద ఉన్నది పెద్దబడి. చెరకు తోటల వైపు ఉన్నది చిన్నబడి. రెండింటికీ బోర్డుల మీద పొడుగాటి పేర్లున్నాయి, ఎవరూ అంత దూరం చదవరు.

మా ఆవిడ ఓటు పెద్దబడికి. "చిన్నబడిలో లెక్కల మేస్టారే లేరంట. గుంట అక్కడికెల్లి ఏటి సేస్తాది, సెరుకు తింటాదా?" అంది.

అమ్మాయి మాత్రం ఒకే మాట మీద ఉంది. ఉల్లిపొర చూపించే బడి కావాలంది. వాళ్ళ ఐదో తరగతి టీచరమ్మ ఎప్పుడో చెప్పారట, ఉల్లిపాయ లోపలి పల్చటి పొరని మైక్రోస్కోపులో చూస్తే ఇటుకల గోడలా కనపడుతుందని. అప్పటి నుంచి మా ఇంట్లో కూర వండడం కష్టమైపోయింది. తరుగుతున్న ఉల్లిపాయ లాక్కుని, పొర ఒలిచి, కిటికీ దగ్గర పట్టుకుని నిలబడుతుంది.

"రోజూ సూస్తన్నావు కదే, మళ్ళీ దానికి బడెందుకు?" అన్నాను.

"ఇంట్లో సూస్తే కళ్ళమ్మట నీళ్ళొస్తన్నాయి గానీ గోడ కనపడ్డం లేదు నాన్నా."

సరే, దాన్ని ఆటోలో ఎక్కించుకుని ముందు పెద్దబడికి వెళ్ళాను. హెడ్మాస్టరు మంచి మనిషి, తనే దగ్గరుండి చూపించారు. టైల్సు వేసిన మరుగుదొడ్లు. మంచినీళ్ళ ఫిల్టరు. అద్దాల బీరువాలో పుస్తకాలు, ఒక్కదానికీ మూల నలగలేదు. గోడకి పెద్ద డిజిటల్ బోర్డు, దుమ్ము పడకుండా దాని మీద పూల దుప్పటి. కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు ఆ దుప్పటి వైపే చూసి, నేను మార్కులు వేసుకుంటూ పోయాను. మార్కులు వేయడం ఇంత తేలికని తెలిస్తే మా మేస్టార్ల మీద అంత కోపం పెట్టుకునేవాణ్ణి కాదు.

"సార్, మైక్రోస్కోపు?" అంది మా అమ్మాయి.

"ఉందమ్మా. ఆ బీరువా తాళం సైన్సు మేస్టారి దగ్గరుంది. ఆయన ట్రైనింగుకి వెళ్ళేరు."

"నిజంగా ఉందా సార్?"

"ఎందుకు లేదు? రిజిస్టర్లో ఉంది కదా!" అని స్టాకు రిజిస్టరు తెరిచి, వేలుపెట్టి చూపించారు. మైక్రోస్కోపు, ఒకటి, పరిస్థితి బాగున్నది. పిల్ల ఆ వరుసని చాలాసేపు చూసింది. ఎంత చూసినా అందులో గోడ కనపడదు కదా!

మర్నాడు చిన్నబడికి వెళ్ళాం. ప్రహరీ సగమే ఉంది, మిగతా సగం చెరకు తోట. ఆవరణలో ఒక గేదె, దాన్ని తోలడానికి ఎవరికీ తొందర లేదు. ఉన్న ఒక్క కుళాయి ఆగకుండా కారుతోంది. నేను మార్కులు కోసుకుంటూ వరండా దాకా వెళ్ళేసరికి అక్కడ పిల్లలు బారులు తీరి ఉన్నారు. బల్ల మీద మైక్రోస్కోపు, పక్కన సైన్సు టీచరు.

"రా తల్లీ, నువ్వూ చూద్దువు గాని" అని మా అమ్మాయిని పిలిచారామె. మధ్యాహ్న భోజనం వంటగదిలోంచి ఉల్లిపాయ తెప్పించి, పొర తీసి, గాజుపలక మీద పరిచి, రంగు చుక్క వేసి, అద్దాన్ని వెలుతురుకి తిప్పారు. పిల్ల కన్ను ఆనించి ఎంతసేపటికీ లేవలేదు. వెనక వరుస సణగడం మొదలుపెట్టింది.

"నాన్నా, గోడ! నిజంగా గోడే!"

నేనూ చూశాను. నాకు నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. అయినా బ్రహ్మాండంగా ఉందని తలూపాను. క్లాసులో నాకు పట్టుబడిన విద్య అదొక్కటే.

ఆ సాయంత్రం ఆటో స్టాండులో తీర్పు ప్రకటించాను. పెద్దబడిలో వస్తువులన్నీ కాపురానికి రాని పెళ్ళికూతుళ్ళనీ, చిన్నబడిలో ఉన్నది ఒక్కటైనా పిల్లల చేతుల్లో ఉందనీ చెప్పాను. ఇంటికెళ్ళి అదే ఉపన్యాసం ఇచ్చాను.

"మరి లెక్కలో?" అంది మా ఆవిడ.

"నానున్నాను కదా!"

"నా బయ్యం కూడా అదే."

మూడో రోజు చిన్నబడి సైన్సు టీచరు ఆటో వెనక రాసున్న నెంబరుకి ఫోన్ చేశారు, ఒక పెట్టె పెద్దబడిలో దింపాలని. "గాజు సామాను బాబూ, మెల్లగా" అని చెప్పి ఎక్కించారు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టరు వెనక ఇరుక్కుపోయి, ఊసుపోక పెట్టె మూత ఎత్తి చూశాను. అదే మైక్రోస్కోపు. దాని అడుగున తెల్ల పెయింటుతో పెద్దబడి పేరు.

హెడ్మాస్టరు పెట్టె అందుకుని, రిజిస్టరు తెచ్చి, కటకాలు లెక్కపెట్టి, బీరువా తీశారు. తాళం ఆయన జేబులోనే ఉంది.

"సార్, ఇది ఆ బడిది కాదా?"

ఆయన సిగ్గుపడలేదు సరికదా, నాకే లోకజ్ఞానం లేదన్నట్టు చూశారు. "తనిఖీ వస్తే ఇచ్చిపుచ్చుకుంటాం. వాళ్ళ తనిఖీ అయిపోయింది, ఇది తిరిగొచ్చింది. మొన్న మా తనిఖీకి వాళ్ళ అస్థిపంజరం ఇక్కడికి రాలేదా?"

పెళ్ళికి వెళ్తూ ఎదురింటావిడ గొలుసు అడిగి వేసుకోవడం మన దగ్గర మామూలే. నేను ఆ గొలుసు చూసి సంబంధం ఖాయం చేసేసుకున్నాను, అంతే తేడా.

"మరి మీ పిల్లలు సూసేరా సార్, దీంట్లోంచి?"

"విరిగితే ఎవరు జవాబు చెప్తారు? దీని మీద నా సంతకం ఉంది."

ఆయన పిసినారి కారు. ఆ బడిలో దుప్పటి కప్పినవీ తాళం వేసినవీ అన్నీ ఆయన పేరు మీదున్నాయి. ఒక్క గాజు పగిలితే ఎన్ని కాగితాలు రాయాలో ఆయనకే తెలుసు.

ఇంట్లో జరిగింది చెప్పాను. మా ఆవిడ తిట్టలేదు, నవ్వింది. అదింకా కష్టం. అమ్మాయి మాత్రం అడిగింది: "నాన్నా, మళ్ళీ తనిఖీ ఎప్పుడొస్తాది?"



మర్నాడు పొద్దున్నే పెద్దబడికి వెళ్ళి, తనిఖీ లేని రోజుల్లో కూడా ఆ పెట్టె చిన్నబడికి ఇస్తారా అని అడిగాను.

"ఎవరి పూచీ మీద?" అన్నారు హెడ్మాస్టరు.

"నా పూచీ మీద."

ఆయన నవ్వుతారనుకున్నాను. రిజిస్టరు ముందుకు తోసి పెన్ను ఇచ్చారు. నా చదువుకాలంలో నేను పెట్టిన సంతకాలన్నీ ప్రోగ్రెస్ కార్డు మీద మా నాన్నవి. నా సంతకం నేను బళ్ళో పెట్టడం అదే మొదలు. నెలకో శనివారం పొద్దున్న పట్టుకెళ్ళి సాయంత్రానికి అప్పజెప్పాలని ఒప్పందం. వస్తుంటే ఆయన వెనక్కి పిలిచారు.

"ఆటోలో జాగా ఉంటే మా పిల్లల్ని కూడా నలుగుర్ని ఎక్కించుకో. వాళ్ళూ చూస్తారు."

అలా పెద్దబడి పిల్లలు తమ మైక్రోస్కోపుని చూడాలంటే చిన్నబడికి వెళ్ళాల్సిన ఏర్పాటు జరిగింది.

జూన్‌లో అమ్మాయిని తీసుకుని చిన్నబడికి వెళ్ళాను. సైన్సు టీచరే చేరిక కాగితం రాస్తున్నారు. ఊరుకుంటే నేను నేనెలా అవుతాను?

"మేడం, ఒక మాటడుగుతాను. గోడ సూస్తే సగమే. లెక్కల మేస్టారు లేరు. మైక్రోస్కోపు మీది కాదు. సొంతానికున్నది అస్తిపంజరం ఒక్కటే. ఏటి సూసి మా గుంటని ఇక్కడ సేర్చమంటారు?"

ఆమె తల ఎత్తకుండా రాస్తూనే అన్నారు: "మీరు మా బడిని చూసి చేర్చక్కర్లేదు బాబూ. మేమే మీ ఆటోని చూసి చేర్చుకుంటన్నాం."