నీళ్ల హౌజులో మునిగిన ఓడ

మొన్న నారాయణఖేడ్ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు మా మనవరాలు తన ఫోను తెచ్చి నా కళ్లద్దాల ముందు పెట్టింది. నడిసముద్రంలో ఆచూకీ లేకుండా పోయిన ఓడల గురించిన వీడియో అది, వెనకాల ఏదో దయ్యాల సినిమాలో వచ్చేలాంటి సంగీతం. జీవితమంతా పిల్లలకు సైన్సు చెప్పిన నోరు కదా, ఊరుకోలేదు. దయ్యం లేదు గియ్యం లేదని మొదలుపెట్టి, అలలూ పొగమంచూ చెప్పుకుంటూ వచ్చి, ఓడలో సరుకు ఒక పక్కకు జారడం దగ్గర ఆగిపోయాను. మేము ఎక్కాల్సిన బస్సు మా ముందునుంచే వెళ్లిపోయిందట, నేను చూడలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా వైపు సముద్రం అంటే బడి గోడకు వేలాడే పటంలోని నీలం రంగే. ఖేడ్ హైస్కూల్లో కొత్తగా చేరిన నేను ఆ రంగు మీద బెత్తం ఆనించి ఆటుపోట్ల పాఠం మహా ధీమాగా చెప్పేవాణ్ణి గానీ, ఆ సముద్రాన్ని కళ్లతో చూసింది మా బంధువుల్లో ఒక్క బావే. బావ అంటే మా పెద్దమ్మ కూతురి భర్త. కూలికని బొంబాయి వెళ్లి, ఎవరి చేతనో చెప్పించుకుని సరుకుల ఓడలో వంటవాడుగా కుదిరాడు. నేను అక్కావాళ్ల ముందుగదిలో దిగేనాటికి ఆ ఓడ కనిపించకుండా పోయి రెండేళ్లు. ఓడ నుంచి ఏ కబురూ అందలేదనీ, ఆచూకీ తెలియలేదనీ కంపెనీవాళ్లు రాసిన ఒక్క కాగితం మాత్రం మిగిలింది.

అక్కావాళ్ల అత్త ఆ కాగితాన్ని నమ్మలేదు. ఊరంత ఇనుప ఓడ, అందులో అంతమంది మనుషులు, పైగా వైర్‌లెస్సు కూడా ఉంటుందట, ఒక్క కేకైనా వినపడకుండా ఎట్లా పోతుందని ఆమె వాదన. కొడుకు బొంబాయిలో ఇంకొకతెతో కాపురం పెట్టాడని ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ చెప్పేది, మొగుణ్ణి నిలుపుకోలేకపోయిందని అక్కను దెప్పేది. అక్క గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, కందులు చెరిగే కూలికి వెళ్లేది. అక్కడి ఆడవాళ్లు చేటలు ఆపి మరీ అదే సంగతి ఆరా తీసేవాళ్లు. బావ తనను వదిలేసి పోయినవాడు కాదని అత్త నోటితోనే అనిపించాలి, అక్కకు కావలసింది అంతే. అంత పెద్ద ఓడ చప్పుడు లేకుండా మునగగలదా లేదా, చదువుకున్నోడివి నువ్వే తేల్చమని నా మీద పెట్టింది.

సెలవుల్లో హైదరాబాదు లైబ్రరీలో కూర్చుని దొరికినదంతా చదివి వచ్చేవాణ్ణి. సాయంత్రాలు వాకిట్లో అక్క బియ్యం ఏరుతుంటే, ఒక అల మీద ఇంకొకటి ఎక్కి తాటిచెట్టంత లేస్తాయని చెప్పేవాణ్ణి. సముద్రం అడుగునుంచి వాయువు బుడగలుగా పైకొస్తే నీళ్లు బరువు మొయ్యలేవని కొందరి ఊహ అనీ, అది ఇంకా రుజువు కాలేదనీ చెప్పేవాణ్ణి. వింటుంటే చుక్క తడిలేని ఆ వాకిలి కూడా మెల్లగా ఊగుతున్నట్టుండేది. అక్క అన్నీ వినేది, దేనికీ తల ఊపేది కాదు. ఒకనాడు, విడిగా పోసిన ధాన్యం ఓడ ఒరిగినప్పుడు జారుతుందని చెప్పగానే లేచి, పెట్టెలోంచి బావ ఆఖరి ఉత్తరం తెచ్చింది. ఇక్కడ బస్తాలే లేవు, ధాన్యం గొట్టంతో నేరుగా ఓడ కడుపులో పోస్తున్నారు, మన హమాలీలు చూస్తే నవ్వుతారు అని ఉంది అందులో.

"మానికె నిండ కందులు పోసి అదిలిస్తే ఏమైతది తమ్మీ? కుంగుతయి" అంది అక్క. "నిండ నింపిన ఓడ గూడ సముద్రం నడుమకు వొయ్యేసరికి వెల్తి పడ్తది. గా వెల్తిలకే జారుతయి."

పుస్తకంలో నేను దాటేసిన ముక్క అది. గంజ్‌లో రోజూ గింజలు మానికెలతో కొలవడం చూసే మనిషికి చప్పున తట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్త అరుగు మీద కూర్చుని ఉండగా, అక్క వెడల్పాటి సిల్వర్ గిన్నెలో కందుల మూట పెట్టి నీళ్ల హౌజులో వదిలింది. చేత్తో ఊపితే అటూ ఇటూ ఒరిగి మళ్లీ నిలబడింది. మూట విప్పి కందులు విడిగా పోసి అంతే ఊపు ఊపింది. కందులన్నీ ఒక పక్కకు జారాయి, అంచు నీళ్లను తాకింది, గిన్నె ఇక లేదు. నాకు పందెం గెలిచినంత సంబరమైంది. అత్త అరుగు మీదనుంచే ఆ నీళ్లలోకి వంగి చూసింది.

"పిలిచేంత యాళ్ల గూడ దొరకలేదు నా కొడుక్కు" అంది. ఆ తర్వాత మెల్లగా, "ఇంకోదాంతోని ఉన్నడంటే, యాడనో ఓ కాడ ఇంత తింటుండనుకున్న. ఇగ అది గూడ లేకపాయె."

ఆమె రెండేళ్లకు పైగా తిడుతున్నది కొడుకును బతికించుకోవడానికేనని అక్కకూ నాకూ అప్పటిదాకా తోచలేదు. అక్క తడిచేతులతోనే వెళ్లి ఆమెను పట్టుకుని ఏడ్చింది. నానిన కందులు నిలవ ఉండవు కనుక, పొద్దుగూకకముందే ఉడకబెట్టి గుడాలు చేశారు. వాటిని అత్తే వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగి పంచింది, నా కొడుకు ఓడ మునిగిందని, నా కోడలు బంగారమని చెప్పుకుంటూ. బావకు ఊళ్లో జరిగిన కర్మ అదొక్కటే.

ఇప్పుడు ఆ హౌజు ఉన్నచోట మోటారు సైకిళ్లు పెడుతున్నారు. అత్తా లేదు, అక్కా లేదు. ఏ ఓడ ఎందుకు మునిగిందో ఫోను క్షణంలో చెప్పేస్తుంది, విన్నవాళ్లు వేలితో దాన్ని పైకి తోసేసి ఇంకోటి చూస్తారు. ఆనాడు ఒక్క జవాబు కోసం ఒక ఇల్లు ఎంత వెతుక్కుందో తలుచుకుంటే నాకు దిగులుగా ఉంటుంది.

బస్టాండులో మనవరాలు ఇదంతా విని, నిజంగా ఆ ఓడ అట్లనే మునిగిందా తాతా అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. మునగగలదని గిన్నె చూపింది గానీ మునిగిందని చూపలేదు. ఆ ఒక్క మాట ఆ రోజు అరుగు మీది తల్లికి చెప్పాల్సినవాణ్ణి నేనే. అక్క ముఖం చూసి ఊరుకున్నాను.