వైరు పీకి చూసిన అల్లుడు

మా అల్లుడు పోయాడు. పోయిన నెల బేగంపేటలో ఆఫీసుకు పోతుంటే వెనక నుంచి లారీ గుద్దింది. హెల్మెట్ రెండు చెక్కలైంది. పోలీస్ స్టేషన్‌లో ఆ డ్రైవర్ గొంతు పట్టుకున్నాను. విడిపించడానికి నలుగురు కావలసి వచ్చింది. దాచడమెందుకు, నా చేతులు అలాంటివి. రాంగోపాల్‌పేట్‌లో నలభై ఏళ్లు ఆక్సిజన్ సిలిండర్లు మోసిన చేతులు. చదువు మూడో తరగతి. ఈ చేతుల దెబ్బ తిన్న మనిషి గురించే ఈ నాలుగు ముక్కలు.

అల్లుడిది కోస్తా వైపు. మాట మెత్తన. నా దుకాణానికి కంప్యూటర్ పెట్టింది అతనే. రోగి ఇంటివాళ్లు ఫోన్‌లో సిలిండర్ అడిగితే, మా కంప్యూటర్ ఆ సంగతి గ్యాస్ నింపే ప్లాంటు కంప్యూటర్‌కు చెబుతుంది. ప్లాంటు బండి నేరుగా రోగి ఇంటికి పోతుంది. తమతో ఎలా మాట్లాడాలో ప్లాంటువాళ్లే ఒక పత్రం ఇస్తారట. దాన్ని మిషన్‌కు వేస్తే, మాట్లాడే ప్రోగ్రాం అంతా అదే రాసిపెడుతుందట. ఒక్క పూటలో పని అయిపోయింది. నేను మీసం తిప్పుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, వెనక గల్లీలో ఊపిరాడని ముసలమ్మ కొడుకు పానా పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బకే కౌంటర్ అద్దం పగిలింది.

"మా అమ్మ పెదాలు నీలమైనయ్! పొద్దున అడిగిన సిలిండర్ ఏడున్నది?"

మా పనివాడు తెర చూపించాడు. "పచ్చగనే ఉన్నది సేఠ్. బండి పంపినమనే వచ్చింది."

"అబద్ధం చెప్తవార, బద్మాష్!" అని వాడి చెంప పగలగొట్టాను. వాడు కింద పడ్డాడు. పడినవాడి మీదికి ఆ పానా లాక్కుని ఎత్తాను. భోజనానికి వచ్చిన అల్లుడు అడ్డం దూకాడు. పానా అతని కనుబొమ మీద పడింది.

అల్లుడి కాళ్లు కడిగి పిల్లనిచ్చినవాణ్ణి నేను. అతని నెత్తురు నా చొక్కా మీద.

"వాడిది కాదు మావయ్యా, తప్పు నాది," అన్నాడు. దుకాణంలో ఉన్న సిలిండర్‌ను ఆటోలో వేసుకుని, ముసలమ్మ కొడుకుతో అలాగే పోయాడు. ఆమె బతికింది.

కుట్లు వేయించుకుని వచ్చి చెప్పాడు. ప్లాంటు పొద్దున్నే కుదరదని జవాబిచ్చింది. ఆ జవాబు వస్తే ఏం చేయాలో రాయవలసిన చోటు, తర్వాత రాద్దామని ఇతను ఖాళీగా వదిలాడు. ప్రోగ్రాం ఆ మాట మింగేసి పచ్చరంగు చూపించింది.

"మాట్లాడేది మిషన్ రాస్తుందండి. అవతలివాడు కాదంటే ఏం చేయాలో మనమే రాయాలి. ముందు పనివాడికి క్షమాపణ చెప్పండి మావయ్యా."

"నీకైతే చెప్త. వానికి నేను చెప్పుడేంది?"

"నాకొద్దండి. వాడికే."

చెప్పాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. పనివాడు చెంప తడుముకుంటూ, "జెర మెల్లగ కొట్టి ఉంటే జల్ది మాఫ్ జేస్తుంటి సేఠ్," అన్నాడు. కుట్లు లాగుతున్నా అల్లుడు నవ్వాడు.

అప్పటి నుంచి ఆదివారం ఆదివారం వచ్చి, నడుస్తున్న కంప్యూటర్ వెనక, ప్లాంటుతో కలిపే వైరు పీకేవాడు.

"ఏందల్లుడా, మంచిగున్నదాన్ని ఖరాబ్ జేస్తవ్?"

"చెడినప్పుడు ఏం చేస్తుందో చూస్తున్నానండి. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఎవరైనా మంచివాళ్లే."

ఆ మాట ప్రోగ్రాం గురించేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. అలా పీకినప్పుడు తెర అతని వైపే ఉండేది. నేను ఎన్నడూ తొంగిచూడలేదు.

కర్మ అయిన మర్నాడు దుకాణం తెరిచాం. పది నిమిషాలకే గంట మోగి తెర ఎర్రబడింది. లారీ డ్రైవర్ మీద తీరని కసి ఇంకా నా చేతుల్లోనే ఉంది. "ఏం నొక్కినవ్‌రా?" అని పనివాడి మీదికి చెయ్యెత్తాను. వాడు వెనక్కి జరగలేదు. తెరను నా వైపు తిప్పాడు. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను.

"ప్లాంటు జవాబు ఇవ్వలేదు మావయ్యా. ఎవరినీ కొట్టకండి. ముందు దుకాణంలోని సిలిండర్ పంపండి."

నేను రెండోసారి చదివేలోపు పనివాడు సిలిండర్‌ను గడప దాకా దొర్లించాడు. ఎత్తిన చెయ్యి దించి, రెండో కొస పట్టుకున్నాను.